ఎలెక్ గిన్నెస్ కాళ్ళ వంక చూడండి

మా అక్క కొడుక్కి పదిహేనేళ్ళు. వాడి గది గోడ మీద ఒక ముసలాయన బొమ్మ అంటించి ఉంది. గోధుమరంగు అంగీ, తెల్ల గడ్డం, చేతిలో నీలంగా వెలిగే కత్తి. ఎవర్రా ఈయన అని అడిగితే, "ఓబీ వాన్ కెనోబీ మామయ్యా, నీకు తెలియదా?" అని జాలిగా చూశాడు. అది 'స్టార్ వార్స్' సినిమాలో వేషం పేరు, మనిషి పేరు చెప్పమన్నాను. తెలియదన్నాడు. ఎలెక్ గిన్నెస్ అనే ఇంగ్లిషు నటుడని చెప్పాను. ఫోనులో వెతికి, వేషం లేని ఫోటో ఒకటి చూసి పెదవి విరిచాడు.

"ఈయనా! బ్యాంకులో పనిచేసేవాడిలా ఉన్నాడు కదా."

వాడికి తెలియదు గాని, గిన్నెస్ మీద ఎన్నో ఏళ్ళుగా రాస్తూ వస్తున్న మాటే వాడూ అన్నాడు. ముఖం గుర్తుండని మనిషి. ఊసరవెల్లి. పాత్రలో మాయమైపోయే నటుడు. ఈ బిరుదులన్నీ పొగడ్తలుగానే ఇచ్చారు. నాకు మాత్రం ఇవి అతన్ని సరిగా చూడనివాళ్ళు ఇచ్చినవనిపిస్తుంది. గిన్నెస్ రంగు మీద రంగు పూసుకుని మాయమవ్వాలని చూసినప్పుడు చాలాసార్లు దెబ్బతిన్నాడు. ఉన్న ముఖంతోనే నిలబడి, చెప్పాల్సినదానిలో సగం దాచుకున్నప్పుడు గెలిచాడు. అతని పనితనం ముఖంలో వెతికితే దొరకదు. కాళ్ళ దగ్గర మొదలుపెట్టాలి.

ఈ కాళ్ళ సంగతి నాకు ఏ సినిమా పుస్తకమూ నేర్పలేదు. కృష్ణా జిల్లాలో మా అమ్మమ్మగారి ఊరికి పగటివేషగాళ్ళు వచ్చేవారు. పది పన్నెండు రోజులు ఊళ్ళోనే బస. రోజుకొక వేషం. ఒకనాడు సోమయాజులు, సోమిదేవమ్మ. ఇంకోనాడు ఫకీరు. మరోనాడు అర్ధనారీశ్వరుడు. చివరిరోజు వేషం లేకుండా మామూలు పంచెలతో వచ్చి సంభావన అడిగేవారు. ఒకసారి అలా వచ్చినాయనతో అమ్మమ్మ, "కుడికాలు కాస్త ఈడ్చి వేస్తావు నాయనా, నువ్వు ఏ వేషం కట్టినా నేను పట్టేశాను" అంది. ఆయన నవ్వి, "ఫకీరు మీ గుమ్మంలో పావుగంట నిలబడి వెళ్ళాడమ్మా, పట్టారా?" అన్నాడు. అమ్మమ్మకు మాట రాలేదు. ఆ ఒక్కరోజూ ఆయన నడక మార్చాడట. రంగు రోజూ మారుతూనే ఉంది. నడక మారిన రోజునే మా అమ్మమ్మ మోసపోయింది.

గిన్నెస్ పద్ధతీ ఇదే. పాత్ర ఎలా నడుస్తుందో దొరికేదాకా పాత్ర చేతికి వచ్చినట్టు కాదనేది అతని నమ్మకం.

అతను పుట్టింది 1914 ఏప్రిల్ 2న, లండన్‌లోని మైడా వేల్‌లో. తల్లి ఆగ్నెస్ కఫ్. జనన ధ్రువపత్రంలో బిడ్డ పేరు ఎలెక్ గిన్నెస్ డి కఫ్ అని ఉంది. తండ్రి పేరు రాయవలసిన గడి ఖాళీ. తండ్రి ఎవరో అతనికి చివరిదాకా నిర్ధారణగా తెలియలేదు. ఆండ్రూ గెడ్డెస్ అనే బ్యాంకరు బడి ఫీజులు కట్టేవాడు కాబట్టి ఆయనే అయ్యుంటాడని చాలామంది అనుకున్నారు. నడుమ తల్లి ఒక సైనికాధికారిని పెళ్ళిచేసుకోవడంతో కొన్నాళ్ళు ఎలెక్ స్టివెన్ అయ్యాడు. పద్నాలుగేళ్ళ వయసులో, మాటల మధ్యలో అన్నట్టుగా, నీ అసలు పేరు గిన్నెస్ అని చెప్పారు. పద్నాలుగేళ్ళు నిండేసరికి మూడు పేర్లు.

జీవితచరిత్రలు రాసేవారికి ఇంతకంటే ఏం కావాలి? తండ్రి లేడు, పేరు నిలకడగా లేదు, అందుకే ఊళ్ళోవాళ్ళ వేషాలన్నీ వేశాడు అని అల్లేశారు. ఈ లెక్కన తండ్రి పేరు తెలియని పిల్లలందరూ మహానటులు కావాలి. బాల్యాన్ని చూపించి నటనను వివరించడం నాకు సోమరిపనిలా తోస్తుంది. అదంతా ఉత్తదే అనను. కాకపోతే ఆ ఖాళీ గడికి, తెరమీది నటుడికి మధ్య ఇరవై ఏళ్ళ కూలిపని ఉంది. చెప్పుకోవలసింది దాని గురించి.

బడి అయ్యాక ఒక ప్రకటనల సంస్థలో చిన్న ఉద్యోగం. నటన నేర్చుకుందామని మార్టీటా హంట్ అనే నటి దగ్గరికి వెళ్ళాడు. కొన్ని పాఠాలయ్యాక, నీకు నటన రాదు, డబ్బు దండగ చేసుకోకు అని ఆమె చెప్పేసింది. ఈమె మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి. 1934లో నోరు విప్పే అవకాశం దొరికిన మొదటి నాటకంలో అతనివి మూడు చిల్లర వేషాలు. ఒక చైనా కూలీ, ఒక ఫ్రెంచి సముద్రపు దొంగ, ఒక ఇంగ్లిషు నావికుడు. మొదటి అడుగులోనే మూడు దేశాలు చుట్టేశాడు.

ఆ రోజుల్లో జాన్ గీల్‌గుడ్ లండన్ రంగస్థలం మీద పెద్దపేరు. కుర్రాణ్ణి చూసి, ఫలానా చోట వేషాలున్నాయి వెళ్ళమని పంపేవాడు. వెళ్ళినచోటల్లా లేదనేవారు. చివరికి గీల్‌గుడ్ ఇరవై పౌండ్ల నోట్లు బల్లమీద పెట్టి తీసుకోమన్నాడు. గిన్నెస్ తీసుకోలేదు. జేబులో చిల్లర కూడా సరిగా లేదు, పస్తులున్న రోజులు. అయినా వద్దని చెప్పి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అదే ఏడాది గీల్‌గుడ్ తన హామ్లెట్ నాటకంలో ఆస్రిక్ వేషం ఇచ్చాడు. రిహార్సల్‌లో ఒకరోజు విసిగిపోయి, ఏమైంది నీకు, దారుణంగా చేస్తున్నావు, కనబడకు పో అని తరిమేశాడు. వారం పోయాక మళ్ళీ వెళితే బ్రహ్మాండంగా ఉందన్నాడట. ఆ వారంలో ఏం మార్చావంటే గిన్నెస్ దగ్గర జవాబు లేదు. ఏమీ మార్చలేదు! పెద్దవాళ్ళ మెప్పూ కోపమూ ఇలాగే ఉంటాయని ఇరవై ఏళ్ళకే తెలిసినవాడు తరువాత ఏ పొగడ్తనూ పూర్తిగా నమ్మలేదంటే ఆశ్చర్యమేముంది?

1938లో లండన్‌లోని ఓల్డ్ విక్ నాటకశాలలో టైరోన్ గత్రీ దర్శకత్వంలో హామ్లెట్ వేసింది గిన్నెసే. నేటి దుస్తులతో, కోత లేకుండా మొత్తం నాటకం. ఒఫీలియాను పాతిపెట్టే దృశ్యంలో జనం గొడుగులు పట్టుకుని నిలబడతారు. అదే ఏడు నటి మెరూలా సలమన్‌తో పెళ్ళి. మరుసటి ఏడు డికెన్స్ నవల 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'ను తానే నాటకంగా రాసుకుని, హెర్బర్ట్ పాకెట్ వేషం కట్టాడు. అందులో మిస్ హావిషామ్ ఎవరనుకున్నారు? నీకు నటన రాదన్న ఆ మార్టీటా హంటే. ప్రేక్షకుల్లో, తరువాత సినిమా దర్శకుడైన డేవిడ్ లీన్ కూర్చుని ఉన్నాడు. యుద్ధం అయ్యాక, 1946లో లీన్ ఆ నవలను సినిమాగా తీసినప్పుడు ఆ ఇద్దరూ అవే వేషాలు వేశారు.

యుద్ధంలో గిన్నెస్ నౌకాదళంలో చేరి, సైనికులను ఒడ్డుకు చేర్చే పడవకు అధికారి అయ్యాడు. 1943లో సిసిలీ దాడి. దాడి గంట ఆలస్యమన్న కబురు అందక, చెప్పిన వేళకే పడవను ఒడ్డుకు కొట్టించాడు. పై అధికారి గద్దిస్తే, మా నాటకాల్లో ఎనిమిదింటికి తెర లేస్తుందంటే ఎనిమిదింటికే లేస్తుంది, నౌకాదళం నేర్చుకోవలసింది ఉంది అన్నాడట. ఇది అతను చెప్పుకున్న కథే. కాస్త మసాలా ఉన్నా ఉండనివ్వండి.

ఇక ముక్కు సంగతి. 1948లో వచ్చిన 'ఆలివర్ ట్విస్ట్'ను లీన్ తీస్తుంటే ఫాగిన్ వేషం నాకివ్వమని గిన్నెస్ వెంటపడ్డాడు. లీన్ నమ్మలేదు, నవ్వాడు. ముప్ఫై దాటిన పాలబుగ్గలవాడు ముసలి దొంగల గురువా? ఒక్కసారి వేషంతో చూడమని బతిమాలి, డికెన్స్ పుస్తకానికి క్రుక్‌షాంక్ గీసిన బొమ్మల్లోని ముక్కును అచ్చం తన ముఖానికి అతికించుకుని వచ్చాడు. లీన్ అవాక్కయ్యాడు, వేషం దక్కింది.

నటనగా చూస్తే గొప్ప పనే. కాని సంవత్సరం చూడండి. యూదుల ఊచకోత ముగిసి మూడేళ్ళు. ఆ గద్దముక్కు యూదులను హేళన చేస్తూ గీసిన పాత బొమ్మల్లోది. 1949లో బెర్లిన్‌లో సినిమా వేస్తే, చావు తప్పించుకు బయటపడ్డ యూదులు థియేటర్ ముందు నిరసనకు దిగారు. అమెరికాలో 1951 దాకా విడుదల కాలేదు, అదీ ఫాగిన్ దృశ్యాలకు కోతలు పెట్టాకే. పుస్తకంలో బొమ్మ అలాగే ఉంది కదా అని సమర్థించుకోవచ్చు. సినిమా చూసేటప్పుడు నాకు ఆ సమర్థన నిలవదు. చూపులో అలసట ఉంది, గొంతులో ఒక ముద్దుమాట ఉంది, పిల్లలకు జేబులు కొట్టడం నేర్పే దృశ్యంలో చిందులాంటి నడక ఉంది. ఇన్ని ఉండి కూడా ప్రతి షాట్‌లోనూ ముక్కే ముందు నడుస్తుంది.

ఇక్కడ ఎవరైనా 'కైండ్ హార్ట్స్ అండ్ కొరొనెట్స్' మాట ఎత్తి నా వాదాన్ని తిరగేయవచ్చు. 1949 సినిమా, దర్శకుడు రాబర్ట్ హేమర్. ఒక జమీందారీ వంశంలో తన దారికి అడ్డున్నవాళ్ళను ఒక్కొక్కరినే తప్పించి హోదా దక్కించుకునే యువకుడి కథ. ఆ వంశస్థులలో నలుగురి వేషాలు గిన్నెస్‌కు ఇస్తామన్నారు. అతను చదివి పడీపడీ నవ్వి, నాలుగే ఎందుకు, ఎనిమిదీ ఇవ్వకూడదా అని తంతి కొట్టాడు. ఎనిమిదీ ఇచ్చారు. ఎనిమిదింటిలో లేడీ అగథా అనే ఆడవేషం కూడా ఉంది.

ఒక్కడే అనేక పాత్రలు వేయడమనే ముచ్చట తెలుగువాళ్ళకు చెప్పాలా? 1966లో అక్కినేని 'నవరాత్రి'లో తొమ్మిది వేశారు. 1977లో రామారావుగారు 'దానవీరశూరకర్ణ'లో మూడు వేసి, దర్శకత్వమూ చేశారు. మన పద్ధతిలో పాత్రలు పెరిగేకొద్దీ నటుడు పెరుగుతాడు. హాల్లో కూర్చున్నవాళ్ళు అందుకే వస్తారు, అందులో తప్పేమీ లేదు, నేనూ ఈలలు వేసినవాణ్ణే. గిన్నెస్ సినిమా లెక్క దీనికి తలకిందులు. హీరో డెనిస్ ప్రైస్. గిన్నెస్ వేసే ఎనిమిదిమందీ చావడానికి వచ్చేవాళ్ళే. ఒకడికి రెండు నిమిషాలు, ఒకడికి అయిదు. ఇక ఆ ముసలి పాదిరీని చూడండి. వైను గ్లాసు పట్టుకున్న చేయి కంటే ముందు గొంతు కిందికి దిగి సాగుతుంది. ఫోటోగ్రఫీ పిచ్చి ఉన్న కుర్రవాడు భార్య పిలుస్తుందేమోనని భుజాలు దగ్గరికి లాక్కుని నడుస్తాడు. లేడీ అగథాకు గౌను తీసేసినా ఆ నడకను చూసి పోల్చుకోవచ్చు. మీసాలూ విగ్గులూ ఉన్నాయి, కాదనను. ప్రతి ఒక్కరికీ ఊపిరి తీసే తీరు వేరు. అది విగ్గుతో రాదు.

ఆరుగురు ఒకే ఫ్రేములో కనిపించే చర్చి దృశ్యం ఒకటి ఉంది. ఇప్పుడైతే కంప్యూటర్‌లో పని. అప్పుడు ఛాయాగ్రాహకుడు డగ్లస్ స్లోకోంబ్ కెమెరాను కదలకుండా బిగించి, లెన్స్ ముందు ఒక్కో మనిషికి సరిపడా సందు తప్ప మిగతాదంతా మూసి, ఒకసారి తీసిన ఫిల్మునే వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ తీశాడు. వేషం మార్చుకోవడానికే గంటలు పట్టేది. రోజుల పని. ఎవరైనా కెమెరాకు తగిలితే పనంతా బూడిదలో పోసినట్టే కాబట్టి రాత్రి కెమెరా పక్కనే పడుకున్నాడు.

నౌకాధిపతి చావు ఇంకా చిత్రం. తప్పు ఆజ్ఞ ఇచ్చి ఓడను ముంచుకున్న పెద్దమనిషి, తప్పు ఒప్పుకోకుండా సెల్యూట్ కొట్టిన చేయి కొట్టినట్టే ఉంచి నీళ్ళలోకి దిగిపోతాడు. నీళ్ళలో ఒళ్ళు తేలిపోకుండా గిన్నెస్ కాళ్ళను తీగతో నేలకు కట్టారు. యోగాభ్యాసం వల్ల నాలుగు నిమిషాలు ఊపిరి బిగబట్టగలనని ముందు గొప్పలు పోయాడట. టోపీ నీళ్ళమీద తేలింది, షాట్ ఓకే అయింది, అందరూ ఒకరినొకరు అభినందించుకుంటున్నారు. కాసేపటికి ఎవరికో గుర్తొచ్చింది, లోపల మనిషి ఉన్నాడని. దూకి తీగ కోసి పైకి తెచ్చారు. మన యోగా ఆ రోజు ఇంగ్లిషు సినిమాకు చేసిన మేలు ఇంతా అంతా కాదు.

నా వాదానికి నిజంగా చిక్కు తెచ్చేది 1955 నాటి 'ద లేడీకిల్లర్స్'. ఎత్తు పళ్ళు, జారిపోయే జుట్టు, మెడ చుట్టూ పొడవాటి కండువా. పూర్తిగా రంగు మీద ఆధారపడిన వేషం, అద్భుతంగా ఉంటుంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నాను. ముసలమ్మ ఇంటి తలుపు అద్దం అవతల ఆ నీడ కదిలినప్పుడు ఇప్పటికీ నాకు నవ్వూ భయమూ కలిసే వస్తాయి.

రంగస్థలం మీద కూడా అన్నీ విజయాలు కావు. 1951లో తానే కూడా దర్శకత్వంలో చేయి వేసి, పిల్లిగడ్డంతో మళ్ళీ హామ్లెట్ వేస్తే మొదటి రాత్రే లైట్లు అడ్డదిడ్డంగా పడి అభాసుపాలైంది. విమర్శకులు చీల్చి చెండాడారు. రెండేళ్ళ తరువాత కెనడాలోని స్ట్రాట్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్ళో, పెద్ద గుడారంలో, షేక్‌స్పియర్ ఉత్సవం మొట్టమొదటిసారి జరిగినప్పుడు, 1953 జూలై 13న, మూడో రిచర్డ్‌గా మొదటి వాక్యం పలికినవాడు అతనే. ఆ ఉత్సవం ఇప్పటికీ ఏటా జరుగుతోంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. 'ఫాదర్ బ్రౌన్' సినిమా కోసం ఫ్రాన్స్‌లోని బర్గండీలో షూటింగ్. ఒక సాయంత్రం గిన్నెస్ పాదిరీ నల్లంగీ విప్పకుండానే బసకు నడిచి వెళ్తున్నాడు. చీకటి పడుతోంది. వెనకనుంచి ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు పరుగున వచ్చి, "మోన్ పేర్" అంటూ చేయి పట్టుకున్నాడు. ఫ్రెంచిలో పాదిరీని అలా పిలుస్తారు, నాన్నగారూ అన్నట్టు. ఇతను నోరు విప్పితే ఇంగ్లిషువాడని తెలిసిపోయి పిల్లవాడు జడుసుకుంటాడు. అందుకని మాట్లాడలేదు. పిల్లవాడు చేయి ఊపుకుంటూ, గెంతుకుంటూ, ఏవేవో కబుర్లు చెప్పుకుంటూ నడిచాడు. కొంతదూరం పోయాక వంగి దండం పెట్టి, కంచె సందులోంచి దూరి మాయమయ్యాడు. ముక్కూ మొహమూ తెలియని మనిషిని, ఆ అంగీని చూసి అంతగా నమ్మాడే అని గిన్నెస్ తరువాత చాలాకాలం తలచుకున్నాడు. ఆ రోజు అతను చేసిన నటన ఏమిటి? మాట్లాడకపోవడం, పక్కన నడవడం. అంతే.

ఇంతకు కొంత ముందు, అతని ఒక్కగానొక్క కొడుకు మాథ్యూకు పదకొండేళ్ళ వయసులో పోలియో వచ్చి నడుము కింద పడిపోయింది. తండ్రి రోజూ పనినుంచి ఇంటికి వెళ్ళేదారిలో ఒక చిన్న కేథలిక్ గుడిలో కూర్చునేవాడు. బిడ్డ కోలుకుంటే, వాడు కేథలిక్ అవుతానన్న రోజున అడ్డుచెప్పనని మొక్కుకున్నాడు. మనకు తిరుపతి మొక్కు ఎలాగో అలాంటిదే, బేరం మాత్రం కొంచెం వింతగా ఉంది. మాథ్యూ మెల్లగా నడిచాడు, తరువాత కేథలిక్ అయ్యాడు. 1956లో తండ్రీ అయ్యాడు. మరుసటి ఏడు అతను సిలోన్‌లో షూటింగ్‌లో ఉండగా, ముందుగా చెప్పకుండానే మెరూలా కూడా చేరింది.

ఆ సిలోన్ షూటింగే 'ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వై'. కితుల్‌గల దగ్గర, కెలనీ నది మీద వంతెన కట్టి తీశారు. గిన్నెస్ వేసింది జపనీయుల చెరలో పడ్డ బ్రిటిష్ కర్నల్ నికల్సన్ వేషం. అధికారులచేత కూలిపని చేయించకూడదన్న నియమం కోసం పట్టుబట్టి శిక్ష పడి, తరువాత శత్రువు కోసమే ఉత్తమమైన వంతెన కట్టించి మురిసిపోయే మనిషి. దర్శకుడు మళ్ళీ లీనే, అతనికీ ఇతనికీ క్షణం పడలేదు. నికల్సన్‌లో కాస్త హాస్యం ఉండాలని ఇతను, విసుగు పుట్టించేవాడిగా ఉండాలని అతను.

రేకుల డబ్బాలో రోజుల తరబడి ఎండలో మాడ్చి, నికల్సన్‌ను బయటికి తీస్తారు. శిబిరం అధికారి సైటో గది దాకా అతను నడవాలి. చుట్టూ అతని సైనికులు చూస్తున్నారు. కాళ్ళు చెప్పిన మాట వినడం లేదు. మోకాలు ముందుకు పడుతుంది, పాదం దాని వెంట ఆలస్యంగా వస్తుంది, మడమ ఎక్కడ ఆనాలో వెతుక్కుంటుంది. నడుము పైన మాత్రం కవాతు. మెడ నిటారుగా, గడ్డం ఎత్తి. ఒకే మనిషిలో కింద సగం ఓడిపోయింది, పైసగానికి ఆ కబురు అందలేదు. ముఖంలో నటన అని వేలుపెట్టి చూపించడానికి ఏమీ ఉండదు. ఆ నడక కోలుకుంటున్న రోజుల్లో మాథ్యూ నడిచిన నడక. గిన్నెస్ కొడుకు కాళ్ళను చూసి నేర్చుకున్నాడు. తన మొత్తం పనిలో ఆ కొద్ది అడుగుల మీద అతనికి ప్రత్యేకమైన మక్కువ ఉండేది. ఆ సినిమాకే ఆస్కార్ వచ్చింది. మరుసటి ఏడాది, 1959లో, సర్ బిరుదూ వచ్చింది.

క్వై ప్రసక్తి వచ్చింది కాబట్టి మనసులో ఉన్న ఒక బాధ చెప్పుకుని ముందుకు వెళ్తాను. థాయిలాండ్ నుంచి బర్మాకు జపాన్ వేయించిన ఆ అసలు రైలుమార్గం 415 కిలోమీటర్లు, 1942, 43లలో వేశారు. మిత్రదేశాల యుద్ధఖైదీలు 12 వేలకు పైగా చనిపోయారు. ఆసియా కూలీలు అంతకు ఎన్నో రెట్లు, దాదాపు 90 వేలమంది అని అంచనా. వాళ్ళలో మలయా రబ్బరు తోటలనుంచి తోలుకుపోయిన దక్షిణాదివాళ్ళు వేలల్లో ఉన్నారు. ఎక్కువమంది తమిళులు, వాళ్ళతోపాటు తెలుగువాళ్ళూ. సినిమాలో వీళ్ళ ఊసే లేదు. వంతెనంతా ఈలపాట పాడే తెల్లసైనికులే కట్టినట్టుంటుంది. గిన్నెస్ తప్పు కాదిది, కథ రాసుకున్నవాళ్ళది. అయినా ఆ నడకను ఎంత మెచ్చుకున్నా, ఫ్రేము అంచుకు అవతల ఇంకెన్ని కాళ్ళు తడబడ్డాయో గుర్తొస్తూనే ఉంటుంది.

దీని తరువాత పాత్రలు చాలానే ఉన్నాయి, అన్నిటి జాబితా ఇక్కడ పెట్టను. 'ట్యూన్స్ ఆఫ్ గ్లోరీ' ఒక్కటి వదలకుండా చూడమంటాను. 1962లో 'లారెన్స్ ఆఫ్ అరేబియా'లో అరబ్బు యువరాజు ఫైసల్ వేశాడు. దానికి రెండేళ్ళ ముందు ఒక నాటకంలో ఆ లారెన్స్ వేషమే కట్టాడు. 1961లో ఒక హాలీవుడ్ సినిమాలో జపాన్ వ్యాపారిగానూ కనిపించాడు. ఇది మాత్రం చూడనక్కర లేదు.

మా వాడి ఓబీ వాన్ దగ్గరికి వద్దాం. 1977 సినిమా 'స్టార్ వార్స్'ను గిన్నెస్ అసహ్యించుకున్నాడని అభిమానులకు ఇప్పటికీ కడుపుమంట. రోజు విడిచి రోజు వచ్చిపడే చెత్త సంభాషణలతో వేగలేకపోతున్నానని షూటింగ్ రోజుల్లో స్నేహితులకు ఉత్తరాలు రాసిన మాట నిజం. సినిమాను వందకు పైగా సార్లు చూశానని మురిసిపోయిన ఒక పిల్లవాడిని, ఇకమీదట చూడనని మాట ఇవ్వమని అడిగి ఏడిపించిన మాటా నిజం. వాళ్ళమ్మ మండిపడింది. లాభాల్లో రెండు శాతానికి కాస్త పైగా వాటా మాట్లాడుకుని, మిగిలిన జీవితమంతా నిశ్చింతగా బతికిన మాటా నిజమే. డబ్బు తీసుకుని తిడతాడా అని అడుగుతారు. జీతం తీసుకుంటూ ఆఫీసును తిట్టుకోనివాడు ఎవడో ముందుకు రమ్మనండి. నాకు ముఖ్యం, తిట్టుకుంటూనే పని ఎలా చేశాడన్నది. ఎడారిలో కుర్రవాడు ఓబీ వాన్ అనే పేరు ఎత్తుతాడు. ముసలాయన ఆగి, మెల్లగా కూర్చుని, ఆ పేరు విని చాలాకాలమైందంటాడు. చూపు ఎదుటివాడి మీద లేదు. బాల్యంతో నటనను వివరించకూడదని పైన అంత గట్టిగా రాశాను గాని, ఆ దృశ్యం చూసిన ప్రతిసారీ పద్నాలుగేళ్ళకు తన పేరు తాను విన్న కుర్రవాడు గుర్తొస్తాడు. నా మాటకు నేనే కట్టుబడలేకపోతున్నాను.

రెండేళ్ళకు, 1979లో, బీబీసీ ఏడు భాగాలుగా తీసిన 'టింకర్ టైలర్ సోల్జర్ స్పై'. గూఢచారి జార్జ్ స్మైలీ వేషం. అసలైన గూఢచారిని ఒకణ్ణి చూపించమని గిన్నెస్ అడిగితే, నవల రాసిన జాన్ లె కారే బ్రిటిష్ గూఢచారి సంస్థకు అధిపతిగా చేసిన మారిస్ ఓల్డ్‌ఫీల్డ్‌తో భోజనం ఏర్పాటు చేశాడు. భోజనమంతా గిన్నెస్ ఆయన చేతులూ, గొడుగూ, చొక్కా చేతి బొత్తాలూ చూస్తూ కూర్చున్నాడు. ఓల్డ్‌ఫీల్డ్ గ్లాసు అంచు లోపల వేలు తిప్పితే, ఎవరైనా విషం కలిపారేమో చూస్తున్నాడా అని తరువాత లె కారేను అడిగాడట. ఆయన సెలవు తీసుకుని వీధిలో వెళ్ళిపోతుంటే ఆ నడకనూ చూపు తిప్పకుండా చూశాడు.

స్మైలీకి రంగు లేదు, అతికించిన ముక్కు లేదు. కళ్ళజోడు మాత్రం ఉంది. రికీ టార్ అనే కుర్ర గూఢచారి తన కథంతా చెప్పుకుంటుంటే స్మైలీ వింటాడు, అంతే. ఎదుటివాడు ఎక్కడ అబద్ధమాడాడో మనకు తెలియదు, స్మైలీకి తెలిసిందని మాత్రం తెలుస్తుంది. ఎలా తెలిసిందని మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. కనురెప్ప కొట్టాల్సిన చోట కొట్టడు. 1982లో వచ్చిన రెండో కథ చివర బెర్లిన్ వంతెన మీదుగా బద్ధశత్రువు కార్లా నడిచి వచ్చి లొంగిపోతాడు. కార్లాగా పాట్రిక్ స్టువర్ట్, ఒక్క మాట లేని వేషం. స్మైలీ గెలిచాడు. ఆ ముఖం చూస్తే గెలిచినట్టు ఉండదు, ఓడినట్టూ ఉండదు. ఇంటిదారి పట్టవలసిన మనిషిలా ఉంటుంది.

మనల్ని నేరుగా తాకే వేషం ఆఖరున వచ్చింది. 1984లో లీన్ 'ఎ పాసేజ్ టు ఇండియా' తీశాడు. చాలామటుకు కర్ణాటకలో, సావనదుర్గ, రామనగరం గుట్టల దగ్గర. డాక్టర్ అజీజ్‌గా విక్టర్ బెనర్జీ, ఇంకా సయీద్ జాఫ్రీ, రోషన్ సేథ్ ఉన్నారు. ఇంతమంది భారతీయ నటులను పెట్టుకుని, బ్రాహ్మణ ఆచార్యుడు నారాయణ్ గోడ్బోలే వేషానికి డెబ్బైకి చేరువైన గిన్నెస్‌కు గోధుమరంగు పూశాడు లీన్. పాత స్నేహం, పాత అదృష్టం అనుకుని ఉంటాడు.

ఆ రంగు చూసి నాకు వచ్చింది కోపం కాదు, ఇబ్బంది. దగ్గరి బంధువు పెళ్ళిలో రాని పాట అందుకుంటే వచ్చేలాంటి ఇబ్బంది. ఆ సినిమాకు ఆధారమైన నవలలో గోడ్బోలే నిజంగా అంతుచిక్కని మనిషి. దేన్నీ పూర్తిగా చెప్పడు. చెప్పకుండా ఉండటంలో గిన్నెస్‌ను మించినవాడు లేడు కదా, మరెందుకు పొసగలేదు? దాచడానికి ముందు దాచే వస్తువు చేతిలో ఉండాలి. స్మైలీ మౌనం వెనక లండన్ వీధులు, ఆఫీసులు, క్లబ్బులు, వర్షం, అన్నీ అతను బతికినవే. గోడ్బోలే మౌనం వెనక అతనికి ఏముంది? చేతులు జోడించడం, తల ఊపడం, కళ్ళు సగం మూయడం. బయటినుంచి చూసి పట్టుకున్న గుర్తులు. ఒక నాట్యం ఉండేదట, దానికి చాలా శ్రమపడ్డాడు. లీన్ కత్తిరించేశాడు. గిన్నెస్ నొచ్చుకున్నాడు, ఇద్దరి మధ్య అంతకాలంగా ఉన్న స్నేహం అక్కడితో చెడింది. ఆ నాట్యం ఉంటే బాగుపడేదా? నాకైతే ఆశ లేదు. పగటివేషగాడు ఫకీరు నడక ఎలా మార్చగలిగాడంటే, ఊరి ఫకీర్లను పుట్టినప్పటినుంచీ చూస్తున్నాడు కాబట్టి.

గిన్నెస్ 2000 ఆగస్టు 5న, 86 ఏళ్ళ వయసులో పోయాడు. ఎన్నో ఏళ్ళు హాంప్‌షైర్‌లో పీటర్స్‌ఫీల్డ్ దగ్గర పల్లెటూరి ఇంట్లో బతికాడు. రెండు నెలలకే మెరూలా కూడా వెళ్ళిపోయింది.

మొన్న ఆదివారం మా వాణ్ణి కూర్చోబెట్టి స్మైలీ ఒక భాగం పెట్టాను. ఇరవై నిమిషాలకు, "మామయ్యా, కథ ఎప్పుడు మొదలవుతుంది?" అన్నాడు. ఆపేశాను. క్వై పెట్టి, రేకుల డబ్బా దగ్గరికి నేరుగా జరిపాను. ఫోను పక్కన పెట్టి చూశాడు. నికల్సన్ గుమ్మం దాకా వెళ్ళాక, "పడిపోతాడేమో అనుకున్నాను" అన్నాడు. వాడే వెనక్కి తిప్పి మళ్ళీ మొదటినుంచి పెట్టుకున్నాడు. నేను టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను.